ఓబప్ప లెక్క, నా ఇరవై

మా ఆసుపత్రి పేరు చెప్పను. ధర్మపురిలో సేలం వెళ్లే రోడ్డు మీద ఉంది, అంతవరకు చాలు. ఇది ఆసుపత్రి కథ కాదు, నా తెలివితేటల కథ. పాపం, వాటికి ఆసుపత్రిని బాధ్యురాలిని చెయ్యడం న్యాయం కాదు.

నా పేరు కనిమొళి. పేరు తమిళం, ఇంట్లో మాట తెలుగు, కోపం మా నాయనమ్మది. మాది నల్లంపల్లి పక్క. మా వాళ్లు తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడి, గడప దాటగానే తమిళంలోకి దిగిపోతారు. నేనూ అంతే. పందొమ్మిదేళ్లుగా నర్సు పని చేస్తున్నాను. మగవాళ్ల ఆపరేషన్ వార్డులో పద్దెనిమిది మంచాలు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నా ఏలుబడి. ఈ జిల్లాలో నన్ను మించిన నర్సు లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఉన్నది నా ఒక్కదానికే అని తర్వాత తెలిసింది.

కథలోకి వెళ్లేముందు ఒక దొంగతనం గురించి చెప్పాలి. నాలుగు గంటలకొకసారి ప్రతి రోగి మంచం దగ్గరికి వెళ్లి జ్వరం, నాడి, రక్తపోటు, రక్తంలో ఆక్సిజన్ చూసి చార్టులో రాయాలి. వీటన్నిటికీ యంత్రాలున్నాయి. యంత్రం లేనిది ఒక్కదానికే, ఊపిరికి. నిమిషానికి మనిషి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో వాచీ పట్టుకుని, ఛాతీ మీద కళ్లు పెట్టి, నిమిషంపాటు కదలకుండా లెక్కపెట్టాలి. పద్దెనిమిది మందికి పద్దెనిమిది నిమిషాలు. ఆ లోపు టీ చల్లారిపోతుంది. అందుకని నేను ఇరవై అని రాసేదాన్ని.

అలా పందొమ్మిదేళ్లపాటు నా చేతి మీదుగా వెళ్లిన ప్రతి మనిషీ నిమిషానికి ఇరవైసార్లే ఊపిరి తీశాడు. మెట్లెక్కి వచ్చినవాడూ ఇరవై, గురక పెడుతున్నవాడూ ఇరవై. ఒకసారి మంచం మీద లేనివాడికి, మరుగుదొడ్డికి వెళ్లినవాడికి కూడా ఇరవై రాశాను. కొత్తగా చేరిన కలైవాణి, ఊపిరి గడిలో ఏం రాయాలక్కా అని అడిగితే, నీకు తెలివి లేదా, ఇరవై రాయి అని నేర్పాను. విద్యాదానం మహాపుణ్యం కదా.

ఓబప్ప మా వార్డుకు వచ్చినప్పుడు ఆయన వయసు డెబ్బై. పిక్కిలి అనే ఊరి దగ్గర గొర్లు కాసుకునే మనిషి. తప్పిపోయిన మేక వెంట బండ ఎక్కబోయి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. డాక్టర్ జయప్రకాశ్ ఆపరేషన్ చేసి కడ్డీ వేశాడు. అయిదో నెంబరు మంచం ఇచ్చాం. పక్కనే నేల మీద చాప పరుచుకుని ఆయన భార్య పిల్లమ్మ.

ఆపరేషనైన మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు, ఓబప్ప దిండు మీద తల ఎత్తి, వేలు చాపి, ఒకటో మంచం నుంచి మొదలుపెట్టాడు. లాభం, రెండు, మూడు, నాలుగు. ఒకటి అనడు, ధాన్యం కొలిచేటప్పుడు అన్నట్టు లాభం అంటాడు. పద్దెనిమిది దాకా లెక్కపెట్టి, సరిగ్గా ఉన్నారని తల ఊపి పడుకున్నాడు. సాయంత్రం ఆరింటికి మళ్లీ అదే. పొద్దున మంద దొడ్డి దాటే వేళకు ఒకసారి, సాయంత్రం దొడ్డి చేరే వేళకు ఒకసారి లెక్కపెట్టడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటని పిల్లమ్మ చెప్పింది. గొర్లు ఊళ్లో ఉండిపోయాయి కాబట్టి ఉన్నవాళ్లతో సర్దుకుంటున్నాడట.

ఒకటో మంచంలో గోవిందన్ ఉన్నాడు. చక్కెర జబ్బుతో పాదం తీసేశారు. పది రోజులుగా గోడ వైపు తిరిగి ఎవరితోనూ మాట్లాడనివాడు, తనను చూపించి లాభం అంటుంటే ఇటు తిరిగి నవ్వాడు. ఆ సాయంత్రమే పద్నాలుగో మంచం మాదేష్ పరోటా కోసం బస్టాండుకు జారుకుంటే, ఒకటి తక్కువైందని వార్డంతా వినపడేలా చెప్పి పట్టించింది కూడా ఓబప్పే. నేను మాదేష్‌ను చీవాట్లు పెట్టానే తప్ప, ఆ ముసలాయన నా పని చేసి పెట్టాడన్న ఆలోచన నాకు రాలేదు. అటువంటి ఆలోచనలు నా దగ్గరికి రావాలంటే ముందుగా చెప్పి రావాలి.

చిక్కు వచ్చింది పన్నెండో మంచం శివలింగంతో. తాలూకా ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, పిత్తాశయంలో రాళ్లు. తలలు లెక్కపెడితే ఆయుస్సు తరుగుతుందని, తనను ఆ లెక్కలోంచి తీసెయ్యమని నాకు ఫిర్యాదు చేశాడు. నాలుగేళ్లు సైన్సు చదివి పట్టా పుచ్చుకున్న నేను, అవును సార్, అది మంచిది కాదు అన్నాను. వెళ్లి ఓబప్పకు తమిళంలో రెండుసార్లు చెప్పాను. ఆయన రెండుసార్లూ నవ్వి, మర్నాడు పొద్దున మళ్లీ లాభం అన్నాడు. సాయంత్రమూ వేలు చాపేసరికి నాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండితే నా తమిళం ఎటు పోతుందో తెలియదు.

“నోరు మూసుకొని పండుకో తాతా. ఇది నీ గొర్ల దొడ్డి అనుకుంటివా?”

నా తెలుగు విని ఓబప్ప ముఖం వెలిగింది.

“మన పిల్లేనా నువ్వు? ముందే చెప్పకూడదా తల్లీ. నీకు కష్టమంటే ఇంక నోరు తెరవను.”

అన్న మాట నిలబెట్టుకున్నాడు. పరాయివాళ్లు చెబితే వినని మనిషి, మన పిల్ల చెప్పిందని విన్నాడు. ఆ తర్వాత లెక్కంతా దుప్పటి మీద, బొటనవేలితో కణుపులు తాకుతూ, పెదవులు మాత్రం కదిలిస్తూ. వార్డులో క్రమశిక్షణ నెలకొల్పానని నేను ఇంటికి వెళ్లి మా ఆయనకు కూడా చెప్పుకున్నాను.

అప్పటికి ఆపరేషనై రెండు రోజులు. నాలుగో రోజు పొద్దున ఎనిమిదింటికి ఓబప్ప నాడి తొంభై ఆరు, ఆక్సిజన్ తొంభై అయిదు. ఊపిరి ఇరవై. మధ్యాహ్నం పన్నెండింటికి నాడి నూట నాలుగు. నొప్పి ఉంటుంది, ఎముక విరిగినవాడికి నాడి పరిగెత్తకేం చేస్తుంది అనుకున్నాను. ఊపిరి ఇరవై. అన్నం ముట్టలేదని పిల్లమ్మ అంటే, మా ఆసుపత్రి సాంబారు ఎవరు తింటారు, నేనే తినను అన్నాను. సాయంత్రం నాలుగింటికి నాడి నూట పన్నెండు, ఆక్సిజన్ తొంభై మూడు. నలభై ఏళ్లు బీడీ కాల్చిన ఊపిరితిత్తులకు అది ఎక్కువే అని సరిపెట్టుకున్నాను. ఊపిరి ఇరవై. ప్రతి అంకెకూ నా దగ్గర ఒక సమాధానం ఉంది. సమాధానాలు మరీ ఎక్కువున్న నర్సు చేతిలో పడకూడదు ఎవరూ.

ఆరు దాటాక నేను బల్ల దగ్గర కూర్చుని శివలింగం మందుల చీటీ రాస్తున్నాను. పిల్లమ్మ వచ్చి నిలబడింది.

“ఆయప్ప లెక్క ఇడిసిపెట్టినాడమ్మా.”

మంచిదే కదా అవ్వా, నేను అడిగింది అదే కదా అన్నాను, తల ఎత్తకుండానే. ఆమె కొంగు సర్దుకుని వెనక్కి వెళ్లింది. చీటీలో నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు. మరో పది నిమిషాలు ముత్యాలు పేర్చాను.

పిల్లమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి బల్ల అంచు పట్టుకుంది.

“పదకొండు కాడ ఆగినాడు. నేను నలభై ఏండ్లుగా చూస్తా ఉండా. నక్క వచ్చినా, గాలివాన వచ్చినా, లెక్క మద్దెలో ఇడిసే మనిషి కాదు.”

లేచాను. గొప్ప అనుమానం తట్టి లేచాననుకోకండి. ఈ లెక్కల పిచ్చి మొగుణ్ణీ పెళ్లాన్నీ ఇద్దరినీ కలిపి ఒకేసారి తిడదామని లేచాను.

అయిదో మంచం దాకా వెళ్లాను. ఓబప్ప బొటనవేలు చూపుడు వేలి కణుపు మీద ఆగిపోయి ఉంది. భుజాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. మెడ నరాలు తాళ్లలా లాగుతున్నాయి, ముక్కుపుటాలు అదురుతున్నాయి, నుదుటి మీద చెమట. నన్ను చూసి నవ్వబోయాడు. నవ్వడానికి కూడా కొంచెం ఊపిరి మిగలాలని నాకు అప్పుడే తెలిసింది. ఆయన ఛాతీ మీద కళ్లు పెట్టి వాచీ చూశాను. అర నిమిషానికి పదిహేడు. మిగతా అర నిమిషం వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడుతూ లెక్కపెట్టాను. మరో పదిహేడు. ముప్పై నాలుగు. క్లిప్పు ఎనభై నాలుగు చూపించింది.

నాకు భయం వేసింది. అంత భయం ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది తర్వాత మళ్లీ వెయ్యలేదు. కానీ నా చేతులు నాకంటే మంచి నర్సులు. మంచం తలవైపు ఎత్తాయి, ఆక్సిజన్ మాస్కు తొడిగాయి, చెయ్యి పట్టుకుని సూది పెట్టాయి. నోరు కలైవాణిని కేకేసి డాక్టర్‌ను పిలిపించింది. బుర్ర మాత్రం చార్టులో ఉన్న మూడు ఇరవైల దగ్గర కూర్చుని కదలనంది.

డాక్టర్ జయప్రకాశ్ మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు. ఛాతీ విన్నాడు, కాలు నొక్కి చూశాడు, చార్టు తీశాడు. నాలుగింటికి ఇరవై, ఆరున్నరకు ముప్పై నాలుగు. ఇది ఇప్పుడు హఠాత్తుగా వచ్చిందా, పొద్దుననుంచి పెరుగుతూ వచ్చిందా అని నన్నడిగాడు. కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరిందని అనుమానం. పొద్దుననుంచి ఉంటే, చిన్న గడ్డలు ఒక్కొక్కటే వెళుతున్నాయని, పెద్దది వెనకాలే కాచుకుని ఉందని అర్థం. అప్పుడు ఎక్స్‌రే కోసం, ఇంకో పరీక్ష కోసం ఆగడానికి వీల్లేదు. సరిగ్గా చెప్పు కనిమొళి, నీ చార్టు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది అన్నాడు.

శుభ్రంగానే ఉంది. ఇరవై, ఇరవై, ఇరవై. ముత్యాలే. కలైవాణి నా ముఖం వైపు చూస్తోంది. హఠాత్తుగా వచ్చింది సార్ అంటే సరిపోతుంది. కాదనేవాళ్లు లేరు. చార్టు నా వైపే ఉంది, డాక్టర్ నా వైపే ఉన్నాడు, పందొమ్మిదేళ్ల పేరు నా వైపే ఉంది. ఓబప్ప ఒక్కడే అటువైపు ఉన్నాడు.

“నేను లెక్కపెట్టలేదు సార్. అవి ఊరికే రాసినవి.”

ఏవి అని అడిగాడు. ఈ రోజువి మూడూ అన్నాను. పందొమ్మిదేళ్ల సంగతి ఎత్తడానికి అది సమయం కాదు.

ఆయన నన్ను ఒక్క చూపు చూశాడు. తిడితే బాగుండేది, తిట్టే తీరిక లేదు. నేను పిల్లమ్మ వైపు తిరిగాను. ఈయనకు ఊపిరి ఎప్పటినుంచి ఇట్లా ఉంది అవ్వా అని అడిగాను. మూడు యంత్రాలూ ఒక పట్టభద్రురాలూ కలిసి చెప్పలేనిది, అక్షరం ముక్క రాని ఆ మనిషి తడుముకోకుండా చెప్పింది.

“నిన్న పొద్దున పెదాల్లోనే ఒక్క గుక్కలో పద్దెనిమిదీ చెప్పినాడు. మాపటికీ అంతే. ఈ పొద్దు పొద్దున్నే రెండు తావుల ఆగినాడు, ఆరు కాడ ఒకసారి, పదమూడు కాడ ఒకసారి, మూచ్చు తీసుకునేదానికి. ఇప్పుడు మూడు మూడుకీ ఆగతా వచ్చి పదకొండు కాడ ఇడిసేసినాడు. పొద్దున్నే చెప్దామని లేచినా. లెక్క అంటే నువ్వు తిడతావని కూచున్నా.”

మూచ్చంటే ఊపిరి. మా ఇళ్లలో సగం మాటలు ఇలా తమిళం నుంచి అప్పు తెచ్చుకున్నవే. నేను అదంతా డాక్టర్‌కు తమిళంలో చెప్పాను, చివరి మాట తప్ప. తర్వాత ఆ చివరి మాట కూడా చెప్పాను.

పొద్దుననుంచే అయితే ఆగొద్దు అన్నాడాయన. రక్తాన్ని పలచబరిచే ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇప్పించి, నేరుగా స్కానింగుకు తీసుకెళ్లమన్నాడు. స్కానింగులో ఆయన అన్నట్టే కనిపించింది. రెండు చిన్న గడ్డలు, వెనక ఒక పెద్దది. ఇంకో రెండు గంటలు చూస్తూ కూర్చుని ఉంటే మిగిలేది కాదన్నాడు. ఓబప్పను పై అంతస్తులో ఐసీయూకు చేర్చాం. నేను కిందికి వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే, మందుల చీటీ సగంలో ఉంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, వార్డుకంతా నీతులు చెప్పే నేను ఆ చీటీ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ముత్యాలు కొంత చెరిగాయి.

నాకు మెమో వచ్చింది. జవాబులో జరిగింది జరిగినట్టు రాశాను. ఇంత నిజాయితీగా ఎవరూ రాయరని సూపరింటెండెంటు మెచ్చుకుని, జీతం పెంపు ఆపేసింది.

మర్నాటి నుంచి నేను వాచీ పట్టుకున్నాను. ఒక్కొక్క మంచం దగ్గర ఒక్కొక్క నిమిషం. ఒక నిమిషం ఇంత పొడుగుంటుందని నాకు తెలియదు. మనుషులు ఒక్కొక్కరు ఒక్కోలా ఊపిరి తీస్తారట. గోవిందన్ పదహారు, మాదేష్ ఇరవై రెండు, పదో మంచంలో ఆయన పద్దెనిమిది. పందొమ్మిదేళ్ల నర్సు ఈ విషయం కనిపెట్టిందని ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు. శివలింగం తన ఛాతీ వైపు గుచ్చిగుచ్చి చూస్తున్న నన్ను చూసి కంగారుపడ్డాడు. నన్నూ లెక్కపెడుతున్నావా సిస్టర్ అన్నాడు. అవునన్నాను. మాట్లాడితే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలని కూడా చెప్పాను.

రోజూ పనిలో చేరేముందు పైకి వెళ్లి అద్దంలోంచి ఓబప్పను చూసి వచ్చేదాన్ని. రెండో రోజు కళ్లు తెరిచాడు. మూడో రోజు గంజి తాగాడు. కింద వార్డులో సాయంత్రం ఆరైతే తలలు అయిదో మంచం వైపు తిరిగేవి. నన్ను లాభం అనేవాడు ఎప్పుడొస్తాడని గోవిందన్ రెండుసార్లు అడిగాడు. నా దగ్గర సమాధానాలు అయిపోయాయి కనక, తెలియదన్నాను.

అయిదో రోజు మధ్యాహ్నం ఓబప్పను కిందికి దింపారు. బుగ్గలు లోపలికి పోయాయి, గొంతు పీలగా ఉంది. అదే మంచం ఇచ్చాం. ఆరైంది. నేను బల్ల దగ్గర చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఏమీ వినపడలేదు. దుప్పటి మీద బొటనవేలు కణుపులు తాకుతోంది, పెదవులు కదులుతున్నాయి.

దగ్గరికి వెళ్లి, ఎందుకు తాతా గమ్మునుండావు, నోరు తెరిచి లెక్కపెట్టు అన్నాను. ఆయన నా వైపు చూశాడు. అందులో కోపం ఏమాత్రం లేదు. ఉంటే నాకు సులువయ్యేది.

“నువ్వు వద్దంటివి కదమ్మా.”

“తప్పు చేసినా తాతా. నాకు ఇనపడాల. గట్టిగా చెప్పు.”

ఆయన పిల్లమ్మ వైపు చూశాడు. ఆమె చెప్పు అన్నట్టు గడ్డం ఊపింది. ఓబప్ప వేలు చాపి లాభం అన్నాడు. గోవిందన్ మంచం మీద లేచి కూర్చుని, బడిపిల్లవాడిలా చెయ్యెత్తాడు. రెండు, మూడు, నాలుగు. తొమ్మిది దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. వార్డంతా ఆగింది. నేనూ ఆగాను. పది అన్నాడు. అక్కడినుంచి మెల్లగా, ఆగకుండా, పద్దెనిమిది దాకా వెళ్లి తల ఊపి పడుకున్నాడు. పిల్లమ్మ నా వైపు ఒక వేలు చూపించింది, ఒక్కసారే ఆగాడని.

ఆయనను కాసేపు విశ్రాంతిగా ఉండనిచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని వాచీ తీశాను. నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను. ఇరవై వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాను. ఇరవయ్యే. పందొమ్మిదో ఇరవై ఒకటో వచ్చి ఉంటే నా పరువు కాస్త నిలిచేది. ఆ ముసలాయనకు నా మీద ఏ పగా లేదు కానీ, ఆయన ఊపిరికి ఉన్నట్టుంది.

చార్టు తీసి ఊపిరి గడిలో ఇరవై అని రాశాను. ముందు పేజీలో ఉన్న మూడు ఇరవైలకూ దీనికీ చూసేవాళ్లకు ఏ తేడా కనిపించదు. అదే చేతిరాత, అవే ముత్యాలు. కలైవాణి నా భుజం మీదుగా తొంగిచూసింది.

“మళ్లీ మొదలుపెట్టావా అక్కా?”

వాచీ విప్పి ఆమె చేతికిచ్చి, స్టూలు మీద కూర్చోమని లేచాను.